శుక్రవారం

శుక్రవారం పొద్దున ఏడుకంతా
టార్చిలైటు, సుద్దముక్క, రిజిస్టరు పట్టుకోని
కుచ్చిళ్ళు ఎగదోపుకోని బయల్దేరతాను.
సంతపేట వెనక వీధిలోకి నేను తిరగంగానే
డ్రమ్ములమీద మూతలు పడే చప్పుడు,
ఒకదాని ఎనక ఒకటి.
"నీళ్ళు పారబోసేది వస్తా ఉండాది మే!"
ఆశ అనే నా ఉద్యోగం పేరు
ఈ వీధిలో ఎవురికీ గుర్తు లేదు.

డ్రై డే అని గోడకు కాగితం అంటిస్తే
దొరసామి చదివి బెదిరిపోయినాడు:
"ఇంగ శుక్రవారం అంగడి మూస్తారా మేడం?"
లేదన్నా, నీ సీసా నీదే,
నీ మిద్దెమీద పగిలిన తొట్టి మాత్రం నాది అంటిని.

టెంకాయ చిప్ప, రుబ్బురోలు గుంత,
ఆటో టైరు, పూలకుండీ కింద పళ్ళెం,
కోళ్ళకు పెట్టిన చట్టి,
షంషాద్ అక్క మొగుడు ఎప్పుడో పనికొస్తాదని దాచిన
విరిగిన వాష్‌బేసిను.
లైటు వేస్తే
సున్నా చుట్టుకోని, సాగి, మళ్ళీ సున్నా అయ్యే పురుగు.
"ఇంతేనా?" అంటారు.
ఇంతే.

పోయిన కార్తీకంలో ఈ ఇంతే
మూడు వీధుల్లో పదకొండు మందిని మంచం పట్టించింది.
పిల్లకాయలు ప్లేట్‌లెట్లను
క్రికెట్టు స్కోరు మాదిరి చెప్పుకున్నారు.
గజేంద్రకు ఎనబై వేలు. వాళ్ళక్కకు నలబై.
మునిరత్నం కూతురుకు ఎంతో
ఎవురూ చెప్పలేదు.
ఆ ఇంటి గోడమీద సుద్దతో తేదీ వేసేటప్పుడు
నా అక్షరాలు చిన్నవైపోతాయి.

అయినా వీళ్ళది తప్పని ఎట్ల అనేది?
కొళాయి నీళ్ళు ఐదు దినాలకొకసారి,
అదీ అర్ధరాత్రి కాడ.
నీవా ఏట్లో ఇసక మిగిలింది,
దాన్నీ ట్రాక్టర్లు మిగలనియ్యలేదు.
నిన్న రేత్రి రెండు గంటలప్పుడు
ఇదే వరసలో నేనూ బిందె పెట్టుకోని కునికినా.
బరువు తెలిసిన చేత్తోనే
పొద్దున ఒంపేస్తా ఉండా.

వళ్ళెమ్మవ్వ డ్రమ్ముకు అడ్డం కూచ్చునింది.
"ఎనిమిది బిందెలు. నా నడుము లెక్క పెట్టింది.
పారబోయి. మళ్ళా నువ్వే మోసి నింపు."
ట్రైనింగులో ఈ ప్రశ్న రాలేదు.
ఆ పొద్దు సాంబారు బాగుండిందని మాత్రం గుర్తు.

కొంచేపు ఊరికే నిలబడితిని.
తర్వాత "అవ్వా, పాత చీర ఉండాదా" అంటిని.
ఇద్దరం చెరొక కొస పట్టుకోని
ఎనిమిది బిందెలూ వడకట్టినాం.
ఖాళీ డ్రమ్మును టెంకాయ పీచుతో
గోడలకు అంటుకోనుండే గుడ్లు పోయేదాకా రుద్ది
అవే నీళ్ళు మళ్ళీ పోసినాం.
చీరమీద పురుగులు ఎండకు ఎగిరెగిరి పడతా ఉంటే
అవ్వ వంగి చూసింది.
"వీటికా నేను ఎనిమిది బిందెలు మోసింది!"

ఇంటికి రెండు నిమిషాలని రూలు.
ఆ పూట నాలుగు ఇండ్లే అయినాయి.
సూపర్‌వైజరు ఫోన్లో అరిచినాడు.
రిజిస్టర్లో పారబోసినవి అని గడి ఉండాది,
వడకట్టినవి అని లేదు.
మార్జిన్లో పెన్సిలుతో రాసుకుంటిని.

తర్వాతి శుక్రవారం వీధి మొగదల
అవ్వ నాకంటే ముందే ఉండాది,
భుజాన అదే చీర, ఉతికింది.
మూతలు పడే చప్పుడు ఇంకా ఉండాది.
ఒకటి రెండు తక్కువ, అంతే.

మొన్న సుద్దముక్క కోసరం మా ఇంటికొచ్చి
వంటింటి గడపలో నిలబడి
"మే, నీ ఫ్రిజ్జు ఎనకాల ట్రే ఉంటాది కదా" అనింది.
లైటు వేస్తే
సున్నా. సాగింది. మళ్ళీ సున్నా.
అవ్వ నవ్వలేదు.
రిజిస్టరు నా చేతికిచ్చి
"రాయి" అనింది.
మొదటి గడిలో
నా ఇంటి నంబరు రాస్తిని.